నీటి దారి పక్కనే మాట దారి

మెదడు అడుగున, వెన్నుపాములోకి దిగే కాండానికి పైకొసన, ఒక సన్నని కాలువ ఉంటుంది. పెద్దవాళ్లలో దాని పొడవు సెంటీమీటరున్నర, వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు. పెన్సిలు ములుకు పట్టేంత సందు. మెదడు పైగదుల్లో ఊరే నీరు కిందికి దిగడానికి ఉన్న దారి అదొక్కటే. దాన్ని సిల్వియస్ కాలువ అంటారు. ఆ కాలువకు కప్పులా పరుచుకున్న పలుచని మెదడు పలక మీద నాలుగు చిన్న బుడిపెలు ఉంటాయి. పై రెండు చూపుకు సంబంధించినవి, కింది రెండు వినికిడికి సంబంధించినవి. రెండు చెవుల నుంచి బయలుదేరిన సంకేతాలు మెదడు పైపొరకు చేరేలోగా ఈ కింది బుడిపెల దగ్గర మజిలీ చేయక తప్పదు. అంటే తలలో నీరు పారే దారీ, మాట పారే దారీ ఒకే గోడ పంచుకున్న ఇరుగుపొరుగులు. కాలువ పూడితే నీరు వెనక్కి ఎగదన్నుతుంది, గదులు ఉబ్బుతాయి, పసిబిడ్డ తల పెరిగిపోతుంది. అది అందరికీ కనిపిస్తుంది. గోడకు ఆవలివైపున్న పొరుగింటికి ఏమవుతున్నదో మాత్రం ఎవరికీ కనిపించదు. ఈ అధ్యాయం ఆ పొరుగింటి గురించి.

ముందు నీటి సంగతి చెప్పుకోవాలి. మనం వాడుకలో 'తలలో నీరు చేరింది' అంటాం గాని అది బయటి నుంచి చేరిన నీరు కాదు. మెదడు తనకోసం తాను తయారు చేసుకునే స్వచ్ఛమైన ద్రవం. పెద్దవాళ్లలో ఎప్పుడు చూసినా దాదాపు 150 మిల్లీలీటర్లు ఉంటుంది, రోజుకు సుమారు అరలీటరు కొత్తగా ఊరుతుంది. అంటే రోజుకు మూడుసార్లకు పైగా పాతది రక్తంలోకి ఇంకిపోయి కొత్తది రావాలి. ఊటకూ ఇంకుడుకూ మధ్య పొత్తు చెడితే వచ్చేదే హైడ్రోకెఫలస్. పసిపిల్లల పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోవు కనుక తల చుట్టుకొలత పెరుగుతుంది, నడినెత్తి మీద మాడు ఉబ్బి బిగుస్తుంది, కళ్లు కిందికి వాలిపోతాయి. ఒకప్పుడు ఇది దాదాపు మరణశాసనం. అమెరికాలో తాళాల కంపెనీలో టెక్నీషియన్‌గా పనిచేసే జాన్ హోల్టర్ 1955లో పుట్టిన తన కొడుకు కోసం నీటిని ఒకే వైపు వదిలే చిన్న సిలికోన్ కవాటం తయారు చేశాడు. న్యూరోసర్జన్ యూజీన్ స్పిట్జ్‌తో కలిసి 1956లో దాన్ని వాడుకలోకి తెచ్చాడు. ఆ తర్వాత తలలోని నీటిని చర్మం కింద గొట్టం ద్వారా పొట్టలోకి మళ్లించే షంట్ ఆపరేషన్ ప్రపంచమంతటా మామూలైపోయింది. చావవలసిన పిల్లలు బతికారు. బతికిన పిల్లలు బడికి వచ్చారు. బడికి వచ్చిన పిల్లలకు పాఠం వినపడాలి. వినికిడి సమస్య ఇక్కడే ముందుకు వస్తుంది.

బతికించడం ఒక విజయం, ఎదగనివ్వడం మరో విజయం. మొదటిదాని మీద పడ్డ వెలుగు రెండోదాని మీద పడలేదని నా వాదన. హైడ్రోకెఫలస్ ఉన్న బిడ్డ రెండేళ్లు నిండినా మాటలు రాకపోతే ఇంట్లోవాళ్లూ చుట్టాలూ ఒక్కోసారి వైద్యులూ చెప్పే మాట ఒకటే: 'తలలో నీరుంది కదా, ఆలస్యమవుతుంది.' ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ ఒక్క జవాబు చేతికి దొరకగానే రెండో ప్రశ్న వేయడం మానేస్తాం: ఈ బిడ్డకు వినపడుతోందా? మెదడు మందకొడితనం వేరు, చెవికి మాట అందకపోవడం వేరు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. పిలిస్తే తిరగకపోవడం, చెప్పింది చేయకపోవడం, మాట స్పష్టంగా లేకపోవడం రెండింటిలోనూ ఉంటాయి. మొదటిదానికి మందు తక్కువ, రెండోదానికి పరికరాలూ శిక్షణా ఉన్నాయి. అందుకే హైడ్రోకెఫలస్ ఉన్న ప్రతి బిడ్డ చెవినీ తలతో కలిపి లెక్కకట్టకుండా విడి ప్రశ్నగా తీసుకుని పరీక్షించాలి, ఒకసారి పరీక్షించి ఊరుకోకుండా మళ్లీ మళ్లీ పరీక్షించాలి. అందుకు మూడు రకాల ఆధారాలున్నాయి.

మొదటి ఆధారం జబ్బుకు మూలం. తలలో నీరు చేరడం ఒక రోగం పేరు కంటే ఒక పర్యవసానం పేరు. దానికి దారితీసే కారణాల్లో చాలావాటికి చెవిని కూడా దెబ్బతీసే గుణం ఉంది. నెలలు నిండకుండా పుట్టిన శిశువు మెదడు గదుల్లో రక్తస్రావమై ఆ గడ్డలు నీటి దారిని అడ్డుకుంటాయి. అదే శిశువు ఐసీయూలో ఆక్సిజన్ అందని క్షణాలు గడిపి ఉంటుంది, పచ్చకామెర్లు ముదిరి ఉంటాయి, ఇన్‌ఫెక్షన్ కోసం జెంటామైసిన్, అమికాసిన్ వంటి ఇంజెక్షన్లు పడి ఉంటాయి. ఈ మూడూ వినికిడికి శత్రువులే. ఒకప్పుడు రక్తస్రావం తర్వాతి నీటిని తగ్గించడానికి ఫ్యూరోసెమైడ్, అసెటజోలమైడ్ మందులు ఇచ్చేవారు. వాటివల్ల మేలు లేకపోగా కీడే జరిగిందని 1998లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధన తేల్చాక ఆ పద్ధతి వెనకబడింది. ఫ్యూరోసెమైడ్ లోపలి చెవికి కూడా హాని చేయగల మందు. తల్లి కడుపులో ఉండగానే బిడ్డకు సోకే సైటోమెగలో వైరస్ మెదడునూ చెవినీ రెండింటినీ పట్టుకుంటుంది. ఆ చెవుడు పుట్టిననాడు లేకుండా మూడో ఏటనో నాలుగో ఏటనో మొదలు కావచ్చు. మెదడు వెనకభాగంలో మెడులోబ్లాస్టోమా అనే కణితి పెరిగి నీటికి అడ్డుపడితే, ఆ కణితికి ఇచ్చే రేడియేషన్, సిస్‌ప్లాటిన్ అనే మందు చెవిలోని రోమకణాలను చంపుతాయి. వీటికి తోడు మన తెలుగు నేలలో మేనరికపు పెళ్లిళ్లు ఇంకా ఉన్నాయి. తలలో నీటితో ఏ సంబంధమూ లేని వంశపారంపర్య చెవుడు అదే బిడ్డలో విడిగా ఉండే అవకాశాన్నీ కొట్టిపారేయలేం.

కారణాల్లో మెనింజైటిస్‌ను కాస్త దగ్గరగా చూడాలి. మెదడు పొరలకు చీము పట్టే ఈ జబ్బు నుంచి బయటపడ్డ పిల్లల్లో కొందరికి ఆ పొరలు అతుక్కుపోయి నీరు ఇంకే చోట్లు మూసుకుపోతాయి. క్షయ వల్ల వచ్చే మెనింజైటిస్‌లో నీరు చేరడం మరీ ఎక్కువ. బ్యాక్టీరియా మెనింజైటిస్ నుంచి బతికిన పిల్లల్లో దాదాపు పదిమందిలో ఒకరికి శాశ్వతంగా వినికిడి దెబ్బతింటుంది. న్యుమోకాకస్ వల్ల వస్తే ఇంకా ఎక్కువ మందికి. ఇక్కడ కాలంతో పందెం ఉంది. లోపలి చెవిలో నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన కోక్లియా అనే గొట్టం ఉంటుంది. చీము అక్కడికి పాకితే వాపు తగ్గాక ఆ గొట్టం లోపల ఎముక పెరగడం మొదలవుతుంది. కొందరిలో కొన్ని వారాల్లోనే మొదలవుతుంది. పూర్తిగా ఎముకగా మారిపోయిన కోక్లియాలోకి, చెవుడున్నవారికి వినికిడినిచ్చే కోక్లియర్ ఇంప్లాంట్ తీగ దూర్చడం చాలా కష్టం. అంటే షంట్ వేయించుకుని ఇంటికి వెళ్లిన బిడ్డకు 'కాస్త కోలుకున్నాక చెవి సంగతి చూద్దాం' అనుకుంటే, ఆ కోలుకునే నెలల్లోనే తలుపు మూసుకుపోవచ్చు. మెనింజైటిస్ వచ్చిన బిడ్డకు చెవి పరీక్ష ఆస్పత్రి నుంచి ఇంటికి పంపే ముందో, పంపిన కొద్ది వారాల్లోనో జరిగితీరాలని నిపుణులు పట్టుబట్టేది అందుకే.

రెండో ఆధారం మరింత ఆసక్తికరమైనది. తలలోని నీటికీ చెవిలోని నీటికీ మధ్య నేరుగా దారి ఉంది. కోక్లియాలో మూడు కాలువలు ఒకదాని పక్కన ఒకటి చుట్టుకుని ఉంటాయి. అందులో ఒకదాని మొదలు దగ్గర్నుంచి ఎముకలో తొలిచిన సన్నటి సొరంగం బయలుదేరి మెదడు చుట్టూ ఉండే నీటిలోకి తెరుచుకుంటుంది. పసితనంలో ఈ సొరంగం ఎక్కువగా తెరిచి ఉంటుందనీ, వయసుతో పాటు చాలామందిలో పీచుతో పూడుకుంటుందనీ కొన్ని పరిశీలనలు చెప్పాయి. ఆ దారి తెరిచి ఉన్నంతకాలం తలలో ఒత్తిడి పెరిగినా తరిగినా దాని అల చెవిలోకి వస్తుంది. తల నీటిని తగ్గిస్తే చెవికి ఏమవుతుందో పెద్దవాళ్లలో అనుకోకుండా తెలిసింది. ఆపరేషన్ల కోసం వెన్నుకు మత్తు సూది వేసినప్పుడు ఆ రంధ్రం గుండా కొంత నీరు కారిపోతుంది. 1956లో వాండమ్, డ్రిప్స్ అనే అమెరికన్ వైద్యులు పదివేలకు పైగా ఇలాంటి మత్తు కేసులను అనుసరించి చూస్తే, కొద్దిమందిలో చెవి దిబ్బడ, హోరు, వినికిడి తగ్గడం కనిపించాయి. చాలావరకు అవి కొద్దిరోజుల్లో సర్దుకునేవే. తర్వాతి కాలంలో ఆడియోమీటర్‌తో కొలిచినవారు మంద్రస్థాయి ధ్వనుల్లో తగ్గుదల గమనించారు, సూది లావైన కొద్దీ అది ఎక్కువని కూడా చూశారు. ఒక్క సూది రంధ్రం ఇంత చేయగలిగితే, ఏళ్ల తరబడి నీటిని తోడిపోసే గొట్టం గురించి అడగకుండా ఎలా ఉండగలం?

అడిగినవాళ్లున్నారు. ఫిన్లాండ్ పరిశోధకులు 1989లో షంట్ ఉన్న పిల్లల వినికిడిని కొలిచి, చెవినరానికి సంబంధించిన లోపం మామూలు పిల్లలకంటే వీళ్లలో ఎక్కువని ప్రకటించారు. 2003లో స్పిరాకిస్, హర్లీ అనే అమెరికన్ ఆడియాలజిస్టులు ఒక చిన్న బృందాన్ని పరీక్షించి, గొట్టం వేసిన వైపు చెవిలోనే తారస్థాయి ధ్వనుల వినికిడి తగ్గడం గమనించారు. ఒకే వైపు కావడం ఆలోచింపజేస్తుంది. జబ్బు మాత్రమే కారణమైతే రెండు చెవులూ సమానంగా దెబ్బతినాలి. కోక్లియా మొదలు భాగం తారస్థాయి ధ్వనులను పట్టే చోటు, సొరంగం తెరుచుకునేదీ ఆ మొదలు దగ్గరే. ఇక మూడో ఆధారం మనం మొదట చూసిన బుడిపెలది. చెవిలో టిక్కు టిక్కుమనే శబ్దం వినిపిస్తూ నరం నుంచి మెదడు కాండం దాకా పోయే విద్యుత్తు అలలను నమోదు చేసే పరీక్షను మన ఆస్పత్రుల్లో బెరా అంటారు. 1984లో నీనా క్రౌస్ బృందం హైడ్రోకెఫలస్ రోగుల్లో ఈ పరీక్ష చేస్తే అత్యధికుల్లో ఏదో ఒక తేడా కనిపించింది. పై బుడిపెల మీద ఒత్తిడి పడ్డప్పుడు బిడ్డ కళ్లు అస్తమించే సూర్యుడిలా కిందికి వాలుతాయి, ఆ వాలు చూసి తల్లి బిడ్డను ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తుతుంది. వాటికి కొన్ని మిల్లీమీటర్ల దూరంలోనే ఉన్న కింది బుడిపెలు నొక్కుకుపోతే ముఖం మీద ఏ గుర్తూ ఉండదు.

ఈ ఆధారాలు బలహీనమని ఎవరైనా అంటే ఆ మాటలో న్యాయం ఉంది. ఈ పరిశోధనల్లో చాలావాటిలో పిల్లల సంఖ్య తక్కువ. వాళ్లలో నెలలు నిండనివారు, మెనింజైటిస్ వచ్చినవారు, తలలో నీరు చేరడానికి దారితీసే వెన్నెముక చీలికతో పుట్టినవారు కలగాపులగంగా ఉన్నారు. వెన్నుసూది తర్వాత తగ్గినవి మంద్రస్థాయి ధ్వనులు, షంట్ పిల్లల్లో తగ్గినవి తారస్థాయి ధ్వనులు. ఒకే సొరంగం రెండు రకాల ఫలితాలివ్వడం ఎలాగన్న ప్రశ్న సహేతుకమైనదే. సొరంగం అందరిలో తెరిచి ఉండదని చెప్పే శవపరీక్షలూ ఉన్నాయి. కనుక 'షంట్ వల్ల చెవుడు వస్తుంది' అని రాయడానికి నేను సిద్ధంగా లేను. అలా రాస్తే భయపడి ఆపరేషన్ వాయిదా వేసుకునే తల్లిదండ్రులకు ద్రోహం చేసినట్టవుతుంది. షంట్ ప్రాణం నిలిపేది, ఒత్తిడి తగ్గించి చూపునూ తెలివినీ కాపాడేది. పెరిగిన నీటి ఒత్తిడి కూడా వినికిడి దారిని నలిపేదే కనుక సకాలంలో వేసిన షంట్ వినికిడికి మేలే చేయవచ్చు. కానీ ఈ వాదం కారణం గురించినది, పరీక్ష అవసరం గురించినది కాదు. తప్పు జబ్బుదా, మందుదా, గొట్టానిదా అన్నది పరిశోధకులు తేల్చుకోవచ్చు. ఈ పిల్లల్లో చెవి దెబ్బతినే మార్గాలు ఒకటికి నాలుగున్నాయన్నది మాత్రం తేలిపోయిన సంగతి. ఇల్లు ఏ మూల కురుస్తున్నదో తేలేదాకా కింద గిన్నె పెట్టకుండా ఉండం కదా.

రెండో అభ్యంతరం ఇంటి నుంచి వస్తుంది. 'మా వాడికి చెవులు బాగానే వినిపిస్తాయి, కుక్కర్ ఈల వేస్తే ఉలిక్కిపడతాడు, రోజంతా వాగుతూనే ఉంటాడు' అంటారు. ఈ జబ్బుకున్న మాయ అంతా ఇక్కడే ఉంది. హైడ్రోకెఫలస్ ఉన్న పిల్లల్లో, ముఖ్యంగా వెన్నెముక చీలికతో పుట్టినవారిలో, చాలామంది గడగడా మాట్లాడతారు. పెద్దవాళ్ల మాటలను పెద్దవాళ్ల యాసలో వల్లిస్తారు, ఎదుటివాళ్లను ఇట్టే ఆకట్టుకుంటారు. స్వీడన్ వైద్యులు 1962లోనే దీన్ని గమనించి విందులో ఊసుపోక కబుర్లతో పోల్చి పేరు పెట్టారు. మాట ధారాళంగా ఉన్నా అందులో అర్థం, అవతలివారి ప్రశ్నకు సరైన జవాబు తక్కువగా ఉండవచ్చు. అది పూర్తిగా మెదడు సంగతేనా, ప్రశ్న సరిగా వినపడకపోవడం కూడా అందులో ఉందా అన్నది ఆడియోగ్రామ్ తీయకుండా చెప్పలేం. ఉలికిపాటు సంగతీ అంతే. ఈ పిల్లల్లో కొందరికి పెద్ద శబ్దాలంటే విపరీతమైన బాధ. మిక్సీ, టపాసులు, ఊరేగింపు డప్పులు వినపడితే చెవులు మూసుకుని ఏడుస్తారు. కొన్ని స్థాయుల్లో వినికిడి తగ్గిన చెవికి కూడా పెద్ద శబ్దం భరించరానిదిగా ఉంటుంది. కుక్కర్ ఈలకు ఉలిక్కిపడటం 'స' అనే అక్షరం వినపడుతోందనడానికి రుజువు కాదు.

అక్షరాల సంగతే తీసుకుంటే, తెలుగు వినడంలో ఏమేం జారిపోతాయో తెలుస్తుంది. మన అచ్చులు మంద్రమైనవి, బలమైనవి. తారస్థాయి వినికిడి తగ్గిన బిడ్డకు కూడా ఆ, ఈ, ఓ బాగానే అందుతాయి. హల్లులు అలా కావు. స, శ, చ వంటివాటి బలమంతా పైస్థాయి గాలిహోరులోనే ఉంటుంది. క, త, ప వంటివి కన్నుమూసి తెరిచేంతలో మెరిసి పోతాయి. అలాంటి చెవికి 'కల'కూ 'తల'కూ తేడా చిక్కదు. 'చెప్పు', 'చెట్టు' ఒక్కలాగే తోస్తాయి. ఇంగ్లీషు పుస్తకాలు పదం చివరి 'ఎస్' శబ్దం పోతే బహువచనం పోతుందని హెచ్చరిస్తాయి. తెలుగులో బహువచనం 'లు'తో వస్తుంది కనుక ఆ చిక్కు మనకు లేదు. కానీ మన వ్యాకరణమంతా పదం తోకలో ఉంటుంది. 'ఇంటికి', 'ఇంటిని', 'ఇంట్లోంచి' అనే తేడాలన్నీ ఊపిరి తగ్గి గొంతు దిగిపోయే చివరి అక్షరాల్లోనే ఉంటాయి. ఎదురుగా కూర్చుని అమ్మ చెబితే పెదవులు చూసి, సందర్భం చూసి బిడ్డ ఊహించుకుంటాడు. యాభైమంది ఉన్న తరగతిలో, ఫ్యాను చప్పుడులో, టీచర్ బోర్డు వైపు తిరిగి చెబితే ఊహకు ఆధారం ఉండదు. ఆ పిల్లవాణ్ని 'ధ్యాస లేదు' అంటారు. తలలో షంట్ ఉందని తెలిస్తే 'పాపం, వాడికంతే' అంటారు. రెండు మాటలూ అతనికి అన్యాయమే చేస్తాయి.

మూడో అభ్యంతరం పుట్టినప్పుడే పరీక్ష చేశారు, పాసైంది అన్నది. పుట్టగానే చేసే పరీక్ష సాధారణంగా ఓఏఈ. 1978లో డేవిడ్ కెంప్ కనుగొన్న ఒక వింత దానికి పునాది. చెవిలోకి శబ్దం పంపితే ఆరోగ్యంగా ఉన్న కోక్లియా తిరిగి అతిసన్నని శబ్దం వెలువరిస్తుంది. దాన్ని చిన్న మైకు పట్టుకుంటుంది. బిడ్డ నిద్రపోతుండగా నిమిషాల్లో అయిపోయే చక్కని పరీక్ష. కానీ అది కోక్లియాలోని బయటి రోమకణాల గురించి మాత్రమే చెబుతుంది. ఒక్కో చెవిలో దాదాపు పన్నెండు వేలుండే ఆ కణాలు శబ్దాన్ని పెంచే సహాయకులు. వాటి అవతల నరమూ, మెదడు కాండమూ ఏం చేస్తున్నాయో ఓఏఈకి తెలియదు. ముదిరిన పచ్చకామెర్లు, ఆక్సిజన్ లేమి నరాన్ని దెబ్బతీసి కణాలను వదిలేయవచ్చు. అలాంటి బిడ్డ ఓఏఈ పాసవుతాడు, బెరాలో తప్పుతాడు. అందుకే ఐసీయూలో ఉన్న శిశువులకు బెరా తప్పనిసరి. బెరా తప్పితే తప్పు చెవిదా మెదడుదా అన్న సందేహానికీ జవాబుంది. ఆ అలల్లో మొదటిది చెవినరానిది, అయిదోది మెదడు కాండం పైభాగానిది. మొదటిది సరిగా ఉండి అయిదోది ఆలస్యమైతే అడ్డంకి దారిలో ఉంది, మొదటిదే ఆలస్యమైతే చెవి వైపు చూడాలి. ఓఏఈ, బెరా, చెవిలో చీమునీటిని పట్టే టింపనోమెట్రీ, కాస్త పెద్దయ్యాక ఆటలాగా చేసే ఆడియోమెట్రీ ఒకదాని లోపం ఒకటి పూరిస్తాయి. పుట్టిననాటి పాసు చీటీ ఆనాటికే చెల్లుతుంది. అమెరికాలో శిశు వినికిడి మీద ఏర్పడ్డ సంయుక్త కమిటీ 2019 నివేదికలో పుట్టుకతో వచ్చినా తర్వాత వచ్చినా హైడ్రోకెఫలస్‌ను వినికిడి ప్రమాద సూచికల్లో పేర్కొంది. మొదటి పరీక్ష పాసైన పిల్లలకు కూడా తొమ్మిది నెలలలోపు పూర్తి పరీక్ష చేయాలంది.

ఒక చెవి బాగుంటే చాలదా అన్నది ఇంకో మాట. చాలదు. 1984లో ఫ్రెడ్ బెస్, ఆన్ మేరీ థార్ప్ ఒకే చెవి చెవుడున్న 60 మంది పిల్లలను పరిశీలిస్తే వారిలో 35 శాతం మంది కనీసం ఒక తరగతి తప్పారని తేలింది. శబ్దం ఎటు నుంచి వస్తున్నదో పట్టడానికీ, సందడిలోంచి ఒక గొంతును ఏరుకోవడానికీ రెండు చెవులు కావాలి. మామూలు పిల్లలకే ఇంత నష్టమైతే, ఏకాగ్రతా జ్ఞాపకశక్తీ ముందే బలహీనంగా ఉండగల హైడ్రోకెఫలస్ పిల్లలకు ఒక్క చెవి లోపం మోయలేని అదనపు బరువు. గొట్టం వైపు చెవి మాత్రమే దెబ్బతినవచ్చన్న 2003 నాటి పరిశీలన నిజమే అయితే, ఇంట్లో ఎవరూ కనిపెట్టలేనిది సరిగ్గా ఇలాంటి లోపమే.

'సరే, లోపం కనిపెట్టామే అనుకోండి, మెదడే దెబ్బతిన్న బిడ్డకు వినికిడి యంత్రం పెట్టి లాభమేమిటి?' అనే ప్రశ్నను చాలామంది పైకి అనరు గాని మనసులో అనుకుంటారు. దీనికి జవాబు కొలరాడోలో దొరికింది. క్రిస్టీన్ యోషినాగా-ఇటానో బృందం 1998లో ప్రచురించిన పరిశోధనలో, ఆరు నెలల వయసులోపే చెవుడు కనిపెట్టిన 72 మంది పిల్లలను, ఆ తర్వాత కనిపెట్టిన 78 మందితో పోల్చింది. ముందుగా కనిపెట్టినవారి భాష స్పష్టంగా మెరుగ్గా ఉంది. చెవుడు తీవ్రత ఎంతైనా, కుటుంబం ఆర్థిక స్థితి ఏదైనా, బిడ్డకు అదనంగా వేరే వైకల్యం ఉన్నా లేకపోయినా ఆ మెరుగు కనిపించింది. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. బలమైన మెదడు సగం విన్న వాక్యాన్ని ఊహతో పూరించుకుంటుంది. దెబ్బతిన్న మెదడుకు ఆ వెసులుబాటు తక్కువ, కనుక దానికి అందే మాట మరింత స్పష్టంగా ఉండాలి. కాళ్లలో బలం తక్కువున్నవాడికి నడిచే దారి చదునుగా ఉండాలని ఎవరైనా ఒప్పుకుంటారు. వినికిడి యంత్రం ఆ బిడ్డ తెలివిని పెంచదు, ఉన్న తెలివికి పని దొరికేలా చేస్తుంది.

చివరి అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. ఆపరేషన్, స్కానింగ్, ఫిజియోథెరపీ, మూత్రం సమస్యలు, ఊరి నుంచి పట్నానికి బస్సు చార్జీలు, పోయిన కూలి దినాలు. ఇంత మోసే కుటుంబం మీద ఇంకో పరీక్ష ఎందుకు మోపాలి? మోపకూడదు. పరీక్షే వాళ్ల దగ్గరికి రావాలి. షంట్ చూపించుకోవడానికి వచ్చిన రోజునే, అదే ఆవరణలో, చెవి పరీక్ష జరిగితే అదనపు ప్రయాణం ఉండదు. ఏర్పాట్లు కొత్తగా పుట్టనక్కర్లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వెతికే జబ్బుల జాబితాలో వెన్నెముక చీలిక ఉంది, పుట్టు చెవుడూ ఉంది. ఆ పిల్లలను పంపే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్‌లో వినికిడి లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఒక గదిలో రాసిన కాగితం పక్క గదికి చేరడమే కొరత. ఖరీదు గురించి భయపడేవారికి షంట్ చరిత్రలోనే ఒక పాఠం ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే చౌక చాబ్రా షంట్‌ను ఉగాండాలో న్యూరోసర్జన్ బెంజమిన్ వార్ఫ్ ఎన్నో రెట్లు ఖరీదైన పాశ్చాత్య షంట్‌తో పోల్చి చూశాడు. ఏడాది తర్వాత ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని 2005లో రాశాడు. మంచి వైద్యం ఎప్పుడూ ఖరీదైన వైద్యమే కానక్కర్లేదని నిరూపించింది ఈ జబ్బే.

ఇక చేయవలసినది చెప్పుకుంటే కొండంత ఏమీ కాదు. జబ్బు గుర్తించినప్పుడు ఒకసారి, షంట్ వేశాక నిలకడ చిక్కినప్పుడు ఒకసారి, తొమ్మిది నెలలలోపు పూర్తిగా, ఆపైన బడిలో చేరేదాకా క్రమం తప్పకుండా చెవి పరీక్ష జరగాలి. మెనింజైటిస్ వచ్చినా, షంట్ మార్చినా మళ్లీ చేయాలి. బిడ్డ వినికిడి హఠాత్తుగా తగ్గితే, చెవిలో హోరని చెబితే చెవిని చూసి ఊరుకోకుండా షంట్ కూడా సరిగా పనిచేస్తోందో లేదో చూడాలి, ఎందుకంటే ఆ రెండు నీళ్ల మధ్య దారి ఉంది. కోక్లియర్ ఇంప్లాంట్ అవసరమైతే చెవి సర్జన్, మెదడు సర్జన్ ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. ఇంప్లాంట్‌లో అయస్కాంతం ఉంటుంది, కొన్ని షంట్ కవాటాలను బయటి నుంచి అయస్కాంతంతోనే సరిచేస్తారు, రెండూ పక్కపక్కన చేరితే కవాటం అమరిక మారిపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో తల్లి చేయగలిగినదీ ఒకటుంది. బిడ్డకు వెనక నిలబడి, పెదవులు కనిపించకుండా, మామూలు గొంతుతో 'ఆ, ఊ, ఈ, మ్, ష్, స్' అనే ఆరు ధ్వనులు ఒక్కొక్కటే పలికి స్పందన చూడవచ్చు. డేనియల్ లింగ్ రూపొందించిన ఈ పద్ధతి మంద్రం నుంచి తారం దాకా మాట విస్తీర్ణాన్నంతా తడిమి చూస్తుంది. అది పరీక్షకు బదులు కాదు, పరీక్షకు ఎప్పుడు పరిగెత్తాలో చెప్పే గంట.

హైడ్రోకెఫలస్ ఉన్న బిడ్డ ఆస్పత్రి పుస్తకం తెరిస్తే తల చుట్టుకొలత సెంటీమీటర్లలో ఉంటుంది, నెలనెలా రాసిన గీత ఉంటుంది. స్కాన్‌లో గదుల వెడల్పు మిల్లీమీటర్లలో ఉంటుంది. గొట్టం ఏ రకందో, ఏ తేదీన వేశారో ఉంటుంది. నీటి దారి గురించి అంత శ్రద్ధగా రాసిన ఆ పుస్తకంలోనే ఇంకో గీత గీయాలి. కుడి చెవి ఎన్ని డెసిబెల్స్, ఎడమ చెవి ఎన్ని డెసిబెల్స్, ఏ తేదీన చూశారు, మళ్లీ ఎప్పుడు చూడాలి. నాలుగు గళ్లు. తలను కొలిచిన టేపు బిడ్డ ప్రాణం ఎలా ఉందో చెప్పింది. ఆ నాలుగు గళ్లు నిండితే, అమ్మ పిలుపు ఆ బిడ్డకు ఎంతవరకు అందుతున్నదో తెలుస్తుంది.